వరంగల్ చలిలో స్వీడ్ గడ్డ: పెరటి సాగు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి వెనుక పెరట్లో నాలుగు చలికాలాలుగా స్వీడ్ గడ్డ వేస్తున్నాను. మా అమ్మాయి చదువుకోసం ఎడిన్‌బరో వెళ్లినప్పుడు నేను కూడా వెళ్లి రెండు నెలలు ఉన్నాను. అక్కడి అంగట్లో మొదటిసారి ఈ గడ్డను కొని వండాను. ఆలుగడ్డ మెత్తదనం, ముల్లంగి వాసన, క్యారెట్ తీపి మూడూ ఒకే గడ్డలో ఉన్నాయనిపించింది. తిరిగొచ్చాక మన నేలలో పండుతుందా లేదా చూడాలని పట్టుబట్టి వేశాను. పండింది, కానీ తేదీల మీద పండింది. చలి మనకు ఎన్ని రాత్రులు ఉంటుందో లెక్కపెట్టుకుని, ఆ లోపల పంట ముగించేవాళ్లకే ఇది దక్కుతుంది. చుట్టుపక్కల వాళ్లు, కాజీపేట నుంచి, కరీంనగర్ నుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగినవన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఇది ఏ గడ్డ అక్కా? షల్గమేనా?

షల్గం (టర్నిప్) కాదు, దాని బిడ్డ అనుకోవచ్చు. షల్గం జాతి, క్యాబేజీ జాతి కలిసి పుట్టిన మొక్క ఇది. షల్గంలో 20 క్రోమోజోములు, క్యాబేజీలో 18, స్వీడ్‌లో రెండూ కలిపి 38. ఈ లెక్కను 1935లో జపాన్‌లో పనిచేసిన ఊ జాంగ్‌చున్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. కనోలా నూనె తీసే మొక్కల్లో ఎక్కువ భాగం కూడా ఈ జాతివే. స్వీడన్‌లో ఇది పెరుగుతున్నదని గాస్పార్ బౌహిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1620లోనే రాశాడు, ఇంగ్లండ్ వాళ్లకు ఆ దేశం పేరే గడ్డ పేరైంది. అమెరికాలో దీన్నే రుటబాగా అంటారు, అదీ స్వీడన్ మాటే.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. షల్గం ఆకును వేళ్లతో రాస్తే నూగు గరుకుగా తగులుతుంది. స్వీడ్ ముదురు ఆకు నున్నగా, క్యాబేజీ ఆకులాగా నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. నీళ్లు చల్లితే చుక్కలు ముత్యాల్లాగా దొర్లిపోతాయి. షల్గం గడ్డకు మెడ ఉండదు, ఆకులు నేరుగా గడ్డ నెత్తి మీది నుంచే లేస్తాయి. స్వీడ్‌కు పైన పొట్టి మెడ ఉంటుంది, దాని మీద రాలిన ఆకుల మచ్చలు గాజులు పేర్చినట్టు కనిపిస్తాయి. కోస్తే షల్గం ఎక్కువగా తెలుపు, స్వీడ్ ఎక్కువగా లేత పసుపు.

వరంగల్ ఎండలకు ఇది నిజంగా పండుతుందా?

పండుతుంది. చలి దేశాల్లో పండే సైజులో మాత్రం పండదు. ఈ మొక్కకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం ఇష్టం. మనకు డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రులు ఆ దరిదాపుల్లోకి, కొన్నిసార్లు ఇంకా కిందికి వస్తాయి. మధ్యాహ్నం మాత్రం 30 దాకా పోతుంది. రాత్రి చలికి గడ్డ ఊరుతుంది, పగటి ఎండకు ఆగుతుంది. అందుకే అక్కడ కిలో తూగే గడ్డ మా పెరట్లో 250 నుంచి 400 గ్రాములు తూగింది. నాకు అది చాలు. ఇంట్లో నలుగురికి ఒక పూట కూరకు రెండు గడ్డలు సరిపోతాయి.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లకు ఈ విషయంలో మనకంటే మేలు. అక్కడ చలి ముందు వచ్చి ఆలస్యంగా పోతుంది, రాత్రులు పది డిగ్రీల కిందికి కూడా దిగుతాయి. గోదావరిఖని, రామగుండం వైపు వాళ్లు మాత్రం వరంగల్ తేదీలే పాటించడం మంచిది.

ఎప్పుడు విత్తాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

చిత్త కార్తెలో విత్తాలి. అంటే అక్టోబరు 10 నుంచి 23 లోపల. గింజ పడ్డ రోజు నుంచి గడ్డ చేతికి రావడానికి 90 నుంచి 110 రోజులు పడుతుంది. అక్టోబరు 12న విత్తితే సంక్రాంతి సకినాలు అయిపోయేసరికి మొదటి గడ్డలు తీయవచ్చు, జనవరి చివరికి మడి ఖాళీ అవుతుంది. స్వాతి కార్తె అంటే నవంబరు 5 దాకా ఇంకో విడత వేయవచ్చు, అది ఫిబ్రవరి మొదటి పది రోజుల్లో ముగియాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ తర్వాత నేలలో ఉన్న ప్రతి గడ్డా పీచుబారుతుంది.

దసరాకు ముందు, హస్త కార్తెలోనే వేస్తే ఇంకా ముందే వస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. సెప్టెంబరు చివర మన దగ్గర ఉక్కపోత పోదు. ఆ వేడికి మొలకలు సాగి, సన్నబడి పడిపోతాయి. పైగా క్యాబేజీ జాతి మొక్కలను తినే పురుగులన్నీ వాటి మీదే వాలుతాయి. నవంబరు పది దాటిపోయిందా, స్వీడ్ గింజలను డబ్బాలో దాచి అదే మడిలో షల్గం వేయండి. షల్గం 45 నుంచి 60 రోజుల్లో వస్తుంది కాబట్టి చలి సరిపోతుంది.

అక్టోబరు వానల సంగతి ఏంటి?

2025 అక్టోబరులో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఆ నెల 14న విత్తాను. మొలకలు చక్కగా రెండాకుల మీద ఉన్నాయి. నెల చివర మొంథా తుఫాను వచ్చింది. వరంగల్, హనుమకొండ కాలనీలు ఎట్లా మునిగాయో అందరికీ తెలుసు. మా పెరట్లో రెండు రోజులు మోకాలు కిందిదాకా నీళ్లు నిలిచాయి. నీళ్లు దిగాక చూస్తే మొలకల కాండాలు మట్టి అంటిన చోట దారంలాగా సన్నబడి, నల్లబడి నేలకు ఒరిగి ఉన్నాయి. మొత్తం పోయింది, గోడవారన ఎత్తు కట్ట మీద వేసిన తొమ్మిది మొక్కలు తప్ప.

ఆ తొమ్మిదింటిని చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు మడిని నేల కంటే ఒక జానెడు ఎత్తుకు లేపి, చుట్టూ కాలువ తీసి, ఆ కాలువకు బయటికి దారి పెడుతున్నాను. తుఫాను కబురు వినగానే కాలువ నోరు చెత్తతో మూసుకుపోయిందేమో చూస్తాను. ఆ ఏడు నవంబరు 3న మళ్లీ విత్తి ఫిబ్రవరిలో బత్తాయి అంత గడ్డలు తీశాను. కాబట్టి గింజలన్నీ ఒకేసారి చల్లేయకండి, సగం దగ్గర ఉంచుకోండి.

గింజలు ఎక్కడ దొరుకుతాయి?

స్టేషన్ రోడ్డు దుకాణాలైనా, ఊళ్లోని విత్తనాల కొట్లయినా అడిగితే స్వీడ్ దొరకడం కష్టం, షల్గం దొరుకుతుంది. స్వీడ్ గింజలను ఆన్‌లైన్‌లో మన దేశంలోనే అమ్మేవాళ్ల దగ్గర తెప్పించుకోవాలి. లారెంషియన్, అమెరికన్ పర్పుల్ టాప్ అనేవి పేరున్న రకాలు. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి. గింజ పొడి చోట ఉంటే మూడు నాలుగేళ్లు మొలుస్తుంది, కానీ మన ఎండాకాలం దాటిన పాత ప్యాకెట్‌ను నమ్మకండి. పది గింజలను తడిగుడ్డలో మూటకట్టి నాలుగు రోజులు చూస్తే ఎన్ని మొలుస్తాయో తేలిపోతుంది.

"మా అబ్బాయి లండన్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు, సూట్‌కేసులో రెండు ప్యాకెట్లు తెమ్మంటా వదినా" అని మా బజారు ఆమె అన్నది. తెమ్మనకండి. విదేశీ విత్తనం దేశంలోకి రావాలంటే అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది. విత్తనంతో పాటు కంటికి కనపడని తెగులు వస్తే పోయేది మన ఒక్కరి పెరడు కాదు, చుట్టూ క్యాబేజీ, ఆవాలు వేసుకునే రైతుల పొలాలు కూడా. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

మాది చెలక నేల. మాది రేగడి. ఏది మంచిది?

రెంటిలోనూ వేశాను. మా పెరట్లో ఉన్నది ఎర్ర చెలక, మా అక్క వాళ్ల ఇల్లు పరకాల దగ్గర, అక్కడ నల్లరేగడి.

చెలకలో గడ్డ గుండ్రంగా, శుభ్రంగా వస్తుంది, పీకడం సులువు. కానీ నీళ్లు నిలవవు, తిండి నిలవదు. చదరపు మీటరుకు రెండు మూడు కిలోల బాగా మాగిన పశువుల పెంట కలిపితే గానీ బలం చాలదు. రేగడిలో తేమ ఉంటుంది, గడ్డ సైజు వస్తుంది. కానీ ఎండితే నెర్రెలు పడి వేరు తెగుతుంది, తడి ఎక్కువైతే కుళ్లుతుంది. రేగడి వాళ్లు ఎత్తు బోదెలు చేసి, పెంటతో పాటు ఒకటి రెండు తట్టల ఇసుక కలుపుకుంటే మంచిది.

పెంట మాత్రం పాతది కావాలి. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకుండా అడవి మట్టి వాసన రావాలి, పొడిపొడిగా రాలాలి. పచ్చి పెంట వేస్తే గడ్డ వేళ్లు చీలినట్టు రెండు మూడు కాళ్లుగా పోతుంది, ఆకు మాత్రం గొడుగంత వస్తుంది. వేపపిండి చదరపు మీటరుకు ఒక గుప్పెడు చాలు. యూరియా నేను వేయను. నత్రజని ఎక్కువైతే ఈ మొక్క గడ్డను మరిచిపోయి ఆకునే పెంచుతుంది.

బయటి దేశాల వీడియోల్లో సున్నం వేయమంటున్నారు. వేయాలా?

వద్దు. వాళ్ల నేలలు చాలాచోట్ల పులుపు నేలలు. పులుపు నేలలో వేరు గడ్డకట్టి ఉబ్బిపోయే తెగులు వస్తుంది, దాన్ని ఆపడానికి వాళ్లు సున్నం చల్లుతారు. మన రేగడి నేలల్లో అసలే సున్నం పాలు ఎక్కువ. ఇంకా వేస్తే బోరాన్, ఇనుము వంటి సూక్ష్మపోషకాలు మొక్కకు అందకుండా పోతాయి. ఈ గడ్డకు 6 నుంచి 7 మధ్య పీహెచ్ హాయి. మీ మట్టి ఎంతుందో అనుమానం ఉంటే మామునూరు లేదా జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష సంగతి అడగండి.

గింజను ఎట్లా విత్తాలి?

గింజ అచ్చం ఆవగింజ. ఒక గ్రాములో సుమారు 300 ఉంటాయి, ఇంటి పెరడుకు రెండు గ్రాములే ఎక్కువ. వేలి గోరు లోతున, అంటే ఒక సెంటీమీటరు, గీత గీసి అందులో పలుచగా రాల్చాలి. గీతకు గీతకు జానెడున్నర దూరం. విత్తడానికి ముందు రోజు సాయంత్రమే మడిని తడిపి ఉంచండి. విత్తాక నీళ్లు పారిస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. చిల్లుల మూతి ఉన్న పూలడబ్బాతో చల్లండి.

అక్టోబరు మధ్యాహ్నం ఎండకు పైమట్టి అట్టకట్టకుండా నేను పలుచగా వరిగడ్డి పరుస్తాను. నాలుగో రోజు నుంచి పొద్దున్నే వంగి చూడాలి. తెల్లటి మెడలు వంచుకుని మొలకలు కనపడగానే ఆ సాయంత్రమే గడ్డి తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే గడ్డి కింద పాలిపోయి సాగుతాయి. చెలక నేలల్లో వరిగడ్డికి చెదలు పట్టే భయం కూడా ఉంది, కాబట్టి దాన్ని మడిలో వదిలేయకూడదు.

నారు పోసి నాటవచ్చా?

నాటవచ్చు. ముల్లంగి అంత మొండి కాదు ఇది. చిన్న ట్రేలలో పెంచి మూడు నాలుగు వారాల మొక్కను వేరు కదలకుండా మట్టితో సహా దించాలి. నేరుగా విత్తిన దానికే గడ్డ చక్కగా వస్తుంది కాబట్టి నేను ఖాళీలు పూడ్చడానికి మాత్రమే ట్రే మొక్కలు ఉంచుకుంటాను.

మొక్కలు పలుచన చేయడం తప్పనిసరా? పీకాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

తప్పనిసరి. నాకూ ఒప్పలేదు. 2022లో మొదటిసారి వేసినప్పుడు మొలిచిన ప్రతి మొక్కా నాకు ముద్దుగానే కనిపించింది. ఇంత దూరం నుంచి తెప్పించిన గింజ, పచ్చగా నిలబడింది, చేతులారా ఎట్లా పీకేది అనుకున్నాను. జనవరిలో తవ్వితే మడి నిండా ఎలుక తోకల్లాంటి వేళ్లు. మూడు నెలల నీళ్లు, పెంట, కాపలా అన్నీ ఆ తోకలకే పోయాయి. ఒక్క మూలన కోడి గీకి మొక్కలు పలుచబడిన చోట మాత్రం పిడికెడు గడ్డలు మూడు దొరికాయి. నేను చేయలేని పని ఆ కోడి చేసింది.

ఇప్పుడు మూడో ఆకు వచ్చినప్పుడు ఒకసారి, ఐదారు ఆకులప్పుడు ఇంకోసారి తీస్తాను. చివరికి మొక్కకు మొక్కకు ఒక జానెడు, అంటే 20 నుంచి 23 సెంటీమీటర్లు ఉండాలి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది, అందుకని చిన్న కత్తెరతో నేలకు సమానంగా కత్తిరిస్తాను. ఆ లేత ఆకును పెసరపప్పులో వేసి వండండి, ఆవ ఆకు ఘాటుతో చాలా బాగుంటుంది. పీకినందుకు బాధ కూడా తగ్గుతుంది.

నీళ్లు ఎన్ని రోజులకోసారి?

చెలకలో రెండు మూడు రోజులకు, రేగడిలో ఐదారు రోజులకు. లెక్క కంటే నిలకడ ముఖ్యం. వారం ఎండబెట్టి ఒకేసారి పారిస్తే గడ్డ పగులుతుంది. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి, కొసకు చల్లగా తగలకపోతే నీళ్లు పెట్టండి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు పక్కింటి వాళ్లకు ఈ పని అప్పగించి వెళ్లాలి. పగిలిన గడ్డల్లో సగం సంక్రాంతి సెలవుల్లో పగిలినవే.

మేడ మీద కుండీల్లో వస్తుందా?

వస్తుంది. అడుగు లోతు, పదిహేను అంగుళాల వెడల్పు ఉన్న గ్రో బ్యాగులో రెండు మొక్కలు, మూడు పెడితే గొడవే. స్లాబు వేడి నేరుగా అంటకుండా ఇటుకల మీద పెట్టండి.

ఆకులకు జల్లెడలాగా చిల్లులు పడుతున్నాయి. ఏం చేయాలి?

చిన్న చిన్న గుండ్రటి చిల్లులైతే అవి గెంతే నల్ల పెంకుపురుగులు. ఆకు మీద చెయ్యి ఆడించగానే నువ్వుగింజలు ఎగిరినట్టు గెంతుతాయి. మొలక దశలో వీటితో జాగ్రత్త. పొద్దున మంచు తడి ఆరకముందే జల్లించిన కట్టెల బూడిదను పలుచగా దులపండి. నాలుగైదు ఆకులు వచ్చాక మొక్క తట్టుకుంటుంది.

ఆకు అడుగున పచ్చని సన్న పురుగు గీకి, పైన కాగితం లాంటి పొర మాత్రమే మిగిల్చితే అది డైమండ్ రెక్కల పురుగు. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుని దారం మీద వేలాడుతుంది. పది మొక్కల పెరట్లో చేత్తో ఏరడమే అన్నిటికంటే మంచి మందు. మడి చుట్టూ ఆవాలు చల్లితే ఆ పురుగు ముందుగా ఆవ మొక్క మీద గుడ్లు పెడుతుంది. మితిమీరితే బీటీ (పురుగులను చంపే ఒక బ్యాక్టీరియా) పొడి లీటరుకు ఒక గ్రాము కలిపి సాయంత్రం పూట కొట్టవచ్చు.

పేనుబంక జనవరిలో మబ్బు పట్టినప్పుడు వస్తుంది. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు పొడి కలిపి ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. పైన కొడితే లాభం లేదు, అవి ఉండేది కింద.

గడ్డ కోస్తే లోపల గోధుమ రంగు మచ్చ. కుళ్లిందా?

కుళ్లు కాదు, బోరాన్ లోపం. బయటికి గడ్డ నిండుగా ఉంటుంది, కోస్తే మధ్యలో తడిసిన కాగితంలాగా గోధుమ రంగు వలయం ఉంటుంది, ఉడికినా మెత్తబడదు, చేదు. ఈ జాతి గడ్డల్లో స్వీడ్‌కే బోరాన్ ఆకలి ఎక్కువ. చెలకలో బోరాన్ నీళ్లతో కిందికి కొట్టుకుపోతుంది, సున్నపు రేగడిలో ఉన్నా మొక్కకు అందదు. రెండు నేలల వాళ్లకూ ఈ బాధ రావచ్చు.

విత్తేముందు చదరపు మీటరుకు ఒక గ్రాము బోరాక్స్‌ను గుప్పెడు ఇసుకలో కలిపి సమానంగా చల్లండి. లేదంటే గడ్డ గోళీ అంత ఉన్నప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. తూకం వేసే చిన్న త్రాసు లేకుండా ఈ పని చేయకండి. కావలసినదానికీ విషానికీ మధ్య తేడా చాలా తక్కువ, ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి, తర్వాత వేసే చిక్కుడు కూడా దెబ్బతింటుంది.

కోతులు బతకనిస్తాయా?

మన ఉత్తర తెలంగాణలో ఏ పంట గురించి మాట్లాడినా ఈ ప్రశ్న రాకుండా పోదు. మా బజారులో కోతుల గుంపు వారానికి రెండుసార్లు వస్తుంది. స్వీడ్ గడ్డను పీకి, ఒక కొరుకు కొరికి, పక్కన పారేసి ఇంకోటి పీకుతుంది. తిన్నా బాధ ఉండేది కాదు. పటాకులు, అద్దాలు, పులి బొమ్మలు అన్నీ చూశాను, నాలుగు రోజుల్లో వాటికి అలవాటు పడ్డాయి. మడి మీద ఇనుప చువ్వలు వంచి కమానులాగా పాతి, నైలాన్ వల బిగించి, వల అంచుల మీద ఇటుకలు పేర్చాక గానీ గడ్డ దక్కలేదు.

పందికొక్కులది వేరే దారి, కింది నుంచి వస్తాయి. ఆకు పచ్చగానే ఉంటుంది, పీకితే లోపల గిన్నెలాగా డొల్ల. మడి చుట్టూ అడుగు లోతున కోళ్ల జాలీ పాతిపెడితే చాలావరకు ఆగుతాయి.

గడ్డ తయారైందని ఎట్లా తెలుస్తుంది?

తవ్వక్కర్లేదు. స్వీడ్ గడ్డ సగం నేల పైకి లేచి తనే కనిపిస్తుంది. పై భాగం ఊదా రంగు తేలి, అడుగు ఆకులు రెండు మూడు పసుపెక్కి ఉంటాయి. మన దగ్గర బత్తాయి సైజు నుంచి చిన్న కొబ్బరికాయ సైజు మధ్యలో తీసేయాలి. ఇంకా పెరుగుతుందేమో అని ఆశపడి ఫిబ్రవరి పది దాటించకండి. చలి దేశాల్లో మంచు గడ్డకట్టే రాత్రులు పడ్డాక గడ్డలోని పిండి చక్కెరగా మారి తీపెక్కుతుందని ఆగుతారు. మనకు ఆ మంచు లేదు, ఆగితే వచ్చేది పీచు, ఘాటు.

తెల్లవారుజామున, గడ్డ చల్లగా ఉన్నప్పుడు తీయండి. పక్కన ఖుర్పీతో మట్టి వదులు చేసి, మెడ దగ్గర పట్టుకుని కొంచెం తిప్పుతూ లాగాలి. తోక వేరు తెగేటప్పుడు చిన్నగా టప్పుమంటుంది. ఆకును వెంటనే మెలితిప్పి తీసేయండి, లేకపోతే ఆకు గడ్డలోని నీటిని పీల్చి సాయంత్రానికి దాన్ని ముడతలు పెడుతుంది. అన్నీ ఒక్కరోజే తీయక్కర్లేదు. నేను పెద్దవాటితో మొదలుపెట్టి రోజు విడిచి రోజు తీస్తాను, మిగిలినవాటికి జాగా దొరికి ఇంకొంచెం ఊరుతాయి.

ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

కడగకుండా, మట్టి దులిపి, చిల్లుల కవరులో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే మాకు నాలుగు వారాలు నిలిచింది. బయట, వంటింటి మూల నీడలో, జనవరి చలిలో పది రోజులు. చలి దేశాల అంగళ్లలో గడ్డ మెరుస్తూ కనపడేది మైనం పూత వల్ల, ఇంట్లో దాని అవసరం లేదు.

మన వంటల్లోకి ఎట్లా? ఇంట్లో ముసలివాళ్లు తింటారా?

మా అత్తమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. మొదటి రోజు కూర ముట్టలేదు. సర్వపిండిలో వేసినప్పుడు రెండోది అడిగింది.

తొక్క మందంగా తీయాలి, ఆలుగడ్డ చెక్కినట్టు గీకితే సరిపోదు. తెల్లటి పీచు పొర పోయి పసుపు కనపడేదాకా చెక్కండి. సోరకాయ సర్వపిండికి తురిమినట్టే తురిమి, పిండకుండా, ఆ నీటితోనే బియ్యప్పిండి కలపాలి. రెండు గ్లాసుల పిండికి ఒక గ్లాసు తురుము, నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు. గంజు లోపల నూనె రాసి పిండిని వేళ్లతో ఒత్తి, నడుమ చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూతపెట్టాలి. స్వీడ్‌లో ఉన్న తీపి గంజుకు అంటిన వైపు ఎర్రగా మాడి, అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. సన్న సెగ మీదే చేయండి, సోరకాయ కంటే తొందరగా అడుగంటుతుంది.

మాంసంలో షల్గం వేసి వండే అలవాటు ఉన్నవాళ్లు అదే కొలతకు స్వీడ్ వేయవచ్చు, ఇది ఇంకొంచెం సేపు ఉడకాలి. ముక్కలుగా కోసి నువ్వులపొడి చల్లిన వేపుడు జొన్నరొట్టెకు బాగుంటుంది. పప్పుచారులో ముల్లంగి బదులు కూడా వేస్తాను. పచ్చితొక్కు నాకు కుదరలేదు, ఘాటు ఎక్కువైంది.

షుగర్ ఉన్నవాళ్లు తినవచ్చా? థైరాయిడ్ ఉన్నవాళ్లు?

పచ్చి స్వీడ్ వంద గ్రాముల్లో సుమారు 37 కేలరీలు, 9 గ్రాముల లోపు పిండిపదార్థాలు ఉంటాయి. ఆలుగడ్డలో ఇది రెట్టింపు దాకా ఉంటుంది. విటమిన్ సి సుమారు 25 మిల్లీగ్రాములు. ఆలుగడ్డ తగ్గించుకోవాల్సిన వాళ్లకు ఇది మంచి బదులు. థైరాయిడ్ విషయానికి వస్తే, క్యాబేజీ జాతి కూరలన్నింటిలో ఉండే కొన్ని పదార్థాలు అయోడిన్ వాడకానికి అడ్డం పడతాయి. ఉడికిస్తే చాలావరకు తగ్గుతాయి. మందులు వాడేవాళ్లు రోజూ పచ్చిగా తినకుండా, వండుకుని అప్పుడప్పుడూ తినాలి, అనుమానం ఉంటే తమ డాక్టరును అడగాలి.

గింజలు మనమే కట్టుకోవచ్చా?

మన దగ్గర కుదరదు. ఇది రెండేళ్ల మొక్క. మొదటి ఏడు గడ్డ, రెండో ఏడు పూత, ఆ పూత రావాలంటే మధ్యలో కొన్ని వారాల గట్టి చలి తగలాలి. మన మైదానాల్లో ఆ చలి చాలదు, ఉంచిన గడ్డ ఏప్రిల్ ఎండకు కుళ్లిపోతుంది. ఐరోపా రకం షల్గం, క్యాబేజీ విత్తనాలను కూడా కులూ లోయ లాంటి కొండ ప్రాంతాల్లో కట్టేది అందుకే. సొంత విత్తనం కట్టాలనే పట్టుదల ఉన్నవాళ్లు మైదానాల్లోనే గింజ కట్టే ఆసియా రకం షల్గం వేసుకోండి. ఢిల్లీ పూసా సంస్థ ఇచ్చిన పూసా శ్వేతి అలాంటిదే, 45 రోజుల్లో గడ్డ వస్తుంది.

వచ్చే ఏడు అదే మడిలో మళ్లీ వేయవచ్చా?

వేయకండి. స్వీడ్, షల్గం, ముల్లంగి, క్యాబేజీ, గోబి, ఆవాలు అన్నీ ఒకే ఇంటివి, ఒకరి పురుగూ తెగులూ ఇంకొకరికి అంటుతాయి. ఆ మడికి మూడేళ్లు వీటిని దూరం పెట్టండి. ఫిబ్రవరిలో గడ్డలు తీయగానే నేను ఆ మడిని వారం ఎండనిచ్చి, ఒక తట్ట పెంట చల్లి, గోరుచిక్కుడు విత్తుతాను. ఏప్రిల్ నాటికి, స్వీడ్ మాట ఎవరికీ గుర్తులేని ఎండల్లో, అది కాయడం మొదలుపెడుతుంది.